వాద్యం ఎవరిది? ఉత్తర తెలంగాణ సామాజిక గేయంలో జానపద వాద్యాల స్థానం

తెలుగు జానపద వాఙ్మయ పరిశోధనలో పాటకు లభించిన స్థానం వాద్యానికి లభించలేదు. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య బిరుదురాజు రామరాజు గారు సమర్పించిన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' ఈ శాఖకు పునాది వేసింది. తర్వాత నాయని కృష్ణకుమారి గారు గేయగాథలను, తంగిరాల వేంకట సుబ్బారావు గారు వీరగాథలను పరిశీలించారు. ఈ కృషి ఫలితంగా వేలాది పాటలు గ్రంథస్థమయ్యాయి. ఇతివృత్తం, ఛందస్సు, భాష అనే మూడు ముఖాల నుండి వాటి విచారణ సాగింది. వాద్యం మాత్రం సాధారణంగా వ్యాసాంతంలో ఒక పేరాగా మిగిలిపోయింది. ఇందుకు కారణం సులభంగానే ఊహించవచ్చు. పాటను కాగితం మీద పెట్టవచ్చు. దెబ్బను పెట్టడం కష్టం. అచ్చయిన పాట పాఠకుని చేతిలోకి వచ్చేసరికి దాని వెనుక మోగిన డప్పు నిశ్శబ్దమై ఉంటుంది.

పాటను సామాజిక సాధనంగా మలచుకొన్న ఇరవయ్యో శతాబ్దపు గేయరచనను పరిశీలించేటప్పుడు ఈ లోపం మరింత స్ఫుటంగా కనిపిస్తుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఇటువంటి గేయానికి ప్రధాన క్షేత్రాలు. ఈ గేయం జానపద బాణీలను తీసుకొన్నదని అందరూ అంగీకరించిన విషయమే. కాని బాణీతోబాటు వాద్యాన్ని కూడా తీసుకొన్నదా, తీసుకొంటే ఏ వాద్యాన్ని తీసుకొని దేనిని వదిలివేసింది, ఆ వదిలివేతకు హేతువేమిటి అన్న ప్రశ్నలు అంతగా చర్చకు రాలేదు.

వాద్యాలను గురించి ఆలోచించే సంస్కృత విద్యార్థికి మొదట స్ఫురించేది భరతుని విభాగం. నాట్యశాస్త్రం ఇరవై ఎనిమిదవ అధ్యాయంలో వాద్యాలు తత, అవనద్ధ, ఘన, సుషిరాలని నాలుగు విధాలుగా చెప్పబడ్డాయి. ఆ లెక్కన కిన్నెర, కిక్రి తతాలు. డప్పు, డోలు అవనద్ధాలు. తాళం, అందెలు ఘనాలు. నఫీర, పేప్రె సుషిరాలు. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక దగ్గరికి వచ్చేసరికి ఈ విభాగం కొంచెం తడబడుతుంది. దానికి ఒకవైపు తోలు మూత ఉంది, ఆ తోలును పట్టుకొని సాగే తంతి కూడా ఉంది. దానిని తతమనాలో అవనద్ధమనాలో తేల్చుకోవడం పండితులకు వదిలివేయవలసిందే. అయితే ఊరివారికి ఈ విభాగంతో నిమిత్తం లేదు. వారి విభాగం వేరు. ఆ వాద్యం ఏ కులం వారిది, ఎవరి ఇంటి ముందు మోగుతుంది, ఏ కార్యానికి మోగుతుంది అన్నవే వారికి ముఖ్యం. భరతుడు నాదం పుట్టే తీరును బట్టి విభజిస్తే, ఊరు ఆ నాదాన్ని పుట్టించే మనిషిని బట్టి విభజించింది.

ఈ రెండవ విభాగం ఎంత బలమైనదో తెలియాలంటే ఆశ్రిత కులాల వ్యవస్థను చూడాలి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు ఉన్నారు. డక్కలివారి చేతి కిన్నెర మాదిగ వాడలో జాంబపురాణం చెప్పడానికి మోగుతుంది. కిన్నెరకు తెలుగు సాహిత్యంలో ప్రాచీనమైన గౌరవమే ఉంది. పాలకురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథను చెప్పాడు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు మొదలైన జానపద గేయభేదాలతోబాటు అనేక వాద్యాలను కూడా పేర్కొన్నాడు. పదమూడవ శతాబ్దపు శైవం వాద్యకారుని భక్తునిగా నిలబెట్టింది. కాని ఆ గౌరవం గ్రంథంలో ఉండిపోయింది. గ్రామవ్యవస్థలో కిన్నెర ఆశ్రితునికి ఆశ్రితుడైనవాని చేతిలోనే నిలిచింది.

డప్పు విషయం మరీ విశిష్టమైనది. కర్రతో చేసిన వలయానికి మేకతోలు బిగించి, వాయించేముందు నిప్పుల సెగకు కాచి, ఎడమ భుజానికి తగిలించుకొంటారు. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతి వ్రేళ్ల మధ్య సన్నని చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ బరువైన నాదాన్ని ఇస్తే పుల్ల దెబ్బ అంచు మీద పదునుగా పలుకుతుంది. ఈ రెండింటి పొందికలో పెండ్లికి ఒక నడక, చావుకు ఒక నడక, జాతరకు ఒక నడక, చాటింపుకు ఒక నడక ఏర్పడ్డాయి. ఊరిలో ఉన్నవారు దూరం నుండే దెబ్బను విని జరిగిన సంగతిని గ్రహించగలరు. కనుక డప్పు కేవలం వాద్యం కాదు, ఊరి వార్తావ్యవస్థ. ఆ వార్తను మోసేవాడు మాత్రం వాడలో నివసిస్తాడు. అతడు లేకుండా పెండ్లి జరగదు, శవం లేవదు. అయినా డప్పు కొట్టడం అతనికి కళ కాలేదు, వెట్టి అయింది. ఈ వైరుధ్యాన్ని మనసులో ఉంచుకొంటేనే తరువాతి చరిత్ర అర్థమవుతుంది.

ఒకే కళాకారుడు అనేక వాద్యాల మధ్య నిలిచి కథ నడిపే సంప్రదాయానికి కరీంనగర్ ప్రాంతంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒగ్గుకథ. ఒగ్గు అంటే శివుని డమరుకం. కురుమ కులానికి చెందిన ఒగ్గు పూజారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెబుతారు. కొమురవెల్లి, ఐనవోలు క్షేత్రాలతోబాటు కరీంనగర్ సీమలోని ఓదెల మల్లన్న క్షేత్రం వీరికి ముఖ్యమైనది. పంచరంగులతో పట్నం వేసి, బోనం సమర్పించి, దేవుని పెండ్లి జరిపించే పూజారి, కథకుడు ఒకే వ్యక్తి. కథా ప్రదర్శనలో ప్రధాన కథకుడు కాళ్లకు అందెలు కట్టి పాడుతూ, ఆడుతూ, మాటల్లో పాత్రలు మార్చుతూ సాగుతాడు. వెనుక డోలు, తాళాలు, నఫీర ఉంటాయి. వచనం ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలు కావాలో డోలు నిర్ణయిస్తుంది. వేములవాడ సమీపంలోని హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఈ కళలో పేరెన్నికగన్నవారు, 2010లో కీర్తిశేషులయ్యారు. జ్ఞానపీఠ పురస్కార గ్రహీత సి. నారాయణరెడ్డి గారిది కూడా ఆ ఊరే. ఒకే గ్రామం నుండి గ్రంథస్థ గేయానికి ఒకరు, మౌఖిక కథకు ఒకరు ప్రతినిధులు కావడం యాదృచ్ఛికమే కావచ్చు; పాఠ్యపుస్తకాలలో మాత్రం మొదటివారే కనిపిస్తారు.

ఒగ్గుకథలో గమనించవలసిన అంశం వాద్యానికి, పూజకు గల అవినాభావం. డోలు మోగేది శ్రోతల వినోదం కోసమే కాదు, దేవుని రప్పించడానికి. కాబట్టి డోలును ఒగ్గు పూజారి చేతి నుండి తీసి వేరొకరి చేతికి ఇవ్వాలంటే, దానిని మొదట దేవుని నుండి వేరుచేయాలి.

గోదావరిని దాటి ఆదిలాబాదు కొండల్లోకి వెళితే ఈ బంధం ఇంకా గట్టిపడుతుంది. రాజగోండుల కులకథలను గానం చేసేది గోండులు కారు. వారి ఆశ్రితులైన పర్ధాన్లు, తోటులు. గోండు సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు అనే సంఖ్యలతో గుర్తింపబడే సగలుగా విభజింపబడి ఉన్నది. ప్రతి సగకు తన పుట్టుపూర్వోత్తరాల కథ ఉంది. ఆ కథను మూడు తంతుల కిక్రి మీద కమానుతో వాయిస్తూ పర్ధాన్ పాడాలి. పర్ధాన్ల ఇంటిభాష చాలాచోట్ల మరాఠీ అయినా కథాగానంలో గోండీకే ప్రాధాన్యం. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశీయుల కథను వినిపించేది వీరే. పెండ్లికి, ఇతర కార్యాలకు పేప్రె ఊదేది, డోలు కొట్టేది కూడా వీరే. తంతివాద్యం, ఊదువాద్యం, చర్మవాద్యం మూడూ ఒకే సమూహం చేతిలో ఉండటం, ఆ సమూహమే దాతల వంశచరిత్రకు జ్ఞాపకశాలగా ఉండటం విశేషం. హైమన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయిని స్థావరం చేసుకొని సాగించిన పరిశోధనలో, 1948లో వెలువడిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' గ్రంథంలో, గోండుల పురాణాలను నమోదు చేయగలిగింది ప్రధానంగా ఈ గాయకుల వల్లనే. ఆ గ్రంథంలో పురాణపాఠం ఉంది. కిక్రి నాదం ఏ గ్రంథంలోనైనా ఎలా ఉంటుంది?

ఈ వాద్యప్రపంచంలోకి సామాజిక గేయం ప్రవేశించిన క్రమం కొంత తెలిసినదే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ సాధనంగా తీర్చిదిద్దింది. షేక్ నాజర్ ఆ కళకు కొత్త ప్రాణం పోశారు. తెలంగాణ సాయుధ పోరాటకాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని స్వీకరించారు. ఈ దశలో తీసుకొన్నది ముఖ్యంగా కథాప్రదర్శన రూపాన్ని. రెండవ దశ 1972లో హైదరాబాదులో జననాట్యమండలి ఆవిర్భావంతో మొదలయింది. బి. నరసింగరావు, గద్దర్ మొదలైనవారు ఇందులో ముఖ్యులు. 1978లో విద్యార్థుల 'గ్రామాలకు తరలండి' కార్యక్రమం, అదే ఏడాది సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం అనే ఘటనలు పాటను కరీంనగర్ పల్లెల్లో నిత్యవ్యవహారంగా మార్చాయి. గోదావరి తీరపు బొగ్గుగనుల్లో పనిచేసే కార్మికులు ఈ పాటలకు మరొక శ్రోతృవర్గమయ్యారు.

రెండవ దశలో వచ్చిన మార్పు డప్పు విషయంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. వాడ నుండి వచ్చిన డప్పు సభావేదిక మధ్యకు చేరింది. దానిని కొట్టినవారిలో వాడ యువకులున్నారు, ఊరి నుండి వచ్చిన విద్యార్థులూ ఉన్నారు. పై కులాల యువకుడు డప్పును భుజాన వేసుకోవడం అప్పటి గ్రామసమాజంలో చిన్న విషయం కాదు. ఇంట్లోకి రానీయని తోలును ఒంటికి తగిలించుకోవడం వేదిక మీది ఉపన్యాసం కంటె సూటిగా అర్థమయ్యే చర్య. డప్పు నడకల్లో కూడా ఎంపిక జరిగింది. చావుకు కొట్టే నడక అమరుల స్మృతిగీతాలకు సహజంగా కుదిరింది. జాతర నడక ఊరేగింపు పాటలకు కుదిరింది. చాటింపు అయితే వేరే మార్పే అక్కరలేకుండా సభకు పిలుపుగా మారింది. ఇంతకుముందు దొర ఆజ్ఞను చాటిన దెబ్బ ఇప్పుడు దొరకు వ్యతిరేకంగా జరిగే సభను చాటింది.

ఈ దశలోని గేయకవులలో ఉత్తర తెలంగాణకు నిజమైన ప్రతినిధి గూడ అంజయ్య. ఆయన 1955లో ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపురంలో జన్మించారు. 2016 జూన్ 21న మరణించారు. వృత్తిరీత్యా ఫార్మసిస్టు. 'పొలిమేర' అనే నవలను, దళిత జీవితం ఇతివృత్తంగా కథలను కూడా రచించారు. లింగాపురం ఉన్న చోటును పటంలో చూస్తే ఆయన రచనకు గల నేపథ్యం తెలుస్తుంది. దక్షిణాన గోదావరి, ఆవలి ఒడ్డున కరీంనగర్ జిల్లా. తూర్పున మంచిర్యాల బొగ్గుపట్టణాలు. ఉత్తరాన, పడమర జన్నారం, ఉట్నూరు వైపు గోండుగూడాలు. వ్యవసాయం, గని, అడవి మూడూ ఒక రోజు ప్రయాణంలో కలిసే ప్రాంతమిది.

అంజయ్య పేరు తెలియనివారికి కూడా తెలిసిన పాట 'ఊరు మనదిరా'. 1970ల దశకంలో పుట్టిన ఈ గేయం ఇతర భారతీయ భాషల్లోకి అనువదింపబడింది. దీని నిర్మాణం గమనార్హం. ఊరిలోని వస్తువులను, పనిముట్లను, పనులను ఒక్కొక్కటిగా పేర్కొంటూ అవన్నీ పనిచేసేవారివేనని చెప్పి, మధ్యలో దొర ఎందుకని ప్రశ్నించడం దీని ప్రణాళిక. అలంకారశాస్త్ర పరంగా చూస్తే ఇందులో ఉపమ గాని, రూపకం గాని ప్రధానం కాదు. పరిగణనమే ప్రధానం. ఈ పరిగణన పద్ధతి జానపద గేయంలో కొత్తది కాదు. నాట్ల పాటల్లో, బతుకమ్మ పాటల్లో ఒక్కొక్క చరణంలో ఒక్కొక్క వస్తువును మార్చుతూ పాట సాగదీయడం అందరికీ తెలిసినదే. శ్రమగేయంలో ఈ పద్ధతి పని అయ్యేదాకా పాటను నిలపడానికి ఉపయోగపడుతుంది. అంజయ్య దానిని హక్కుల పట్టికగా మార్చారు. ఒక చరణం విన్నవాడు తరువాతి చరణాన్ని తానే కట్టగలడు. అందుచేతనే ఈ పాటకు అచ్చుపుస్తకం అవసరం లేకపోయింది.

పాట మొదట్లోనే ఊరిని, వాడను రెండింటినీ వేర్వేరుగా పేర్కొనడం ఇంకొక విశేషం. నగర పాఠకుడు వీటిని జంటపదంగా భావించి దాటిపోవచ్చు. కాని తెలంగాణ గ్రామంలో ఊరు వేరు, వాడ వేరు. రెండింటి మధ్య పొలిమేర వంటి గీత ఉంది. ఆ గీతను నిత్యం దాటే వస్తువులలో డప్పు ఒకటి. అది వాడలో పుట్టి ఊరిలో మోగుతుంది. ఈ పాటను డప్పు మీద పాడినప్పుడు సాహిత్యం ఏ రెండింటిని కలుపుతున్నదో వాద్యం కూడా వాటినే కలుపుతున్నది. కేవలం పాఠాన్ని చదివే విమర్శకునికి ఈ పొందిక కనబడదు.

సర్కారు దవాఖానకు రానని బిడ్డతో మొరపెట్టుకొనే అంజయ్య గేయం మరొక స్వభావం కలది. ఇక్కడ డప్పు నడక కాదు, పిలుపు ప్రధానం. సంబోధనాంతంలోని దీర్ఘమైన ఓకారం తెలంగాణ స్త్రీలు చావు ఇంట పెట్టే శోకాలను తలపిస్తుంది. శోకంలో బ్రతికినవారు పోయినవారిని పిలుస్తారు. ఈ పాటలో బ్రతికి ఉన్న రోగి తన చావును ముందుగా చూసి బిడ్డను పిలుస్తున్నాడు. వ్యంగ్యం, దుఃఖం రెండూ ఒకే స్వరంలో ఇమడటానికి ఈ శోకబాణీ కారణం. దీనికి వాద్యం దాదాపు అవసరం లేదు. పక్కన ఎవరైనా గద్గదంగా వంత పలికితే చాలు. సర్కారు, దవాఖాన వంటి మాటలు ఇక్కడ అన్యదేశ్యాలుగా వినిపించవు. ఆ ఊరి మనిషికి ప్రభుత్వాన్ని గురించి వేరే మాట లేదు. 'వైద్యశాల' అని రాసి ఉంటే పాట వెంటనే కూలిపోయేది.

బాణీ, పరిగణన, సంబోధన, డప్పు ఇంత సులభంగా కొత్త గేయంలోకి వచ్చినప్పుడు కిక్రి ఎందుకు రాలేదు? అంజయ్య జన్మస్థలమైన దండేపల్లి మండలంలోనే గోదావరి ఒడ్డున గుడిరేవు ఉంది. అక్కడి పద్మల్‌పురి కాకో గుడికి దీపావళి రోజుల్లో గోండుల దండారి బృందాలు వస్తాయి. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడతారు. డోళ్లు, పేప్రెలు మోగుతాయి. నాగోబా పూజకు మెస్రంవారు గోదావరి జలం తీసుకొనిపోయే కలమడుగు కూడా పక్కనున్న జన్నారం మండలంలోనిదే. వాద్యం దూరాన లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరగడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరగడం సామాజిక గేయానికి బలమైన వస్తువులయ్యాయి. ఇంద్రవెల్లి మృతులు అధికారిక లెక్క ప్రకారం 13 మంది. అంతకు ఎన్నో రెట్లని ప్రజల లెక్క. ఆ సంఘటనపై పాటలు వచ్చాయి. అవి ఎక్కువగా తెలుగులో వచ్చాయి, డప్పు మీద, డోలక్ మీద మోగాయి. గోండు వీరుని కథ గోండు గాయకుని వాద్యం మీదికి ఎక్కకుండానే రాష్ట్రమంతా తిరిగింది.

ఇందుకు ఒక కారణం నాదప్రమాణం. కిక్రి గొంతు చిన్నది. గుడిసె ముందు చాపల మీద చుట్టూ కూర్చున్న బంధువర్గానికి అది సరిపోతుంది, వేలమంది నిలబడిన మైదానానికి సరిపోదు. శిక్షణ మరొకటి. డప్పులో నాలుగు నడకలు కొన్ని వారాల్లో నేర్చుకొని పాటకు తోడు నిలవవచ్చు. వాటిలో ప్రావీణ్యం సంపాదించడం వేరే మాట. కిక్రి వాయించడం నేర్చుకోవడమంటే ఒక సగ చరిత్రను కంఠస్థం చేయడం. అది తండ్రి పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే తప్ప రాదు. భాషాభేదం ఎలాగూ ఉంది. వీటన్నిటికంటె బలమైన హేతువు దాతృసంబంధం. పర్ధాన్ పాడేది తన దాత ఇంట, తన దాత వంశాన్ని గురించి. ఆ కథను వేరొక సగ వారి ముందు పాడటానికి సందర్భమే ఉండదు. ఊరందరికీ వినిపించడం డప్పుకు స్వభావం. ఒక్క వంశానికే వినిపించడం కిక్రికి ధర్మం. సామాజిక గేయానికి కావలసింది మొదటిది.

ఒగ్గుడోలు ఈ రెండింటి మధ్యలో నిలుస్తుంది. దానికి గొంతు పెద్దదే, భాష తెలుగే. అయినా జననాట్యమండలి కాలంలో డప్పుకు దొరికిన కేంద్రస్థానం దానికి దొరకలేదు. పాట దేవుణ్ణి వదలమంటుంది. డోలు దేవునికోసమే ఉన్నది. ఇక్కడ ఒక చిన్న చిత్రాన్ని గమనించవచ్చు. గద్దర్ వేషంలో ప్రసిద్ధమైన గొంగడి కురుమలు నేసేది. కురుమల గొంగడి వేదిక ఎక్కింది, కురుమ పూజారి పట్నం మాత్రం ఎక్కలేదు. ఉద్యమగేయం శ్రమచిహ్నాన్ని తీసుకొని క్రతువును పక్కన పెట్టింది. ఆ సిద్ధాంతానికి ఇది సహజమే. అయితే దాని వల్ల పూజారి కథలో ఉన్న విస్తారమైన కథనశిల్పం, వచనాన్ని పాటగా మార్చే ఆ డోలు సంధులు, కొత్త గేయానికి అందకుండా పోయాయనే చెప్పాలి. మూడు నిమిషాల పాటకు రాత్రంతా సాగే కథ పాఠం చెప్పే అవకాశం కలగలేదు.

వాద్యం చేతులు మారడంలో మరొక సమస్య ఉంది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పును తన చిహ్నంగా ప్రకటించుకొన్నది. అప్పటికి రెండు దశాబ్దాలుగా అది శ్రామికవర్గ వాద్యంగా వేదికల మీద మోగుతున్నది. డప్పు అందరిదయిందని ఒకరు సంతోషిస్తే, అందరిదయిన తరువాత కూడా చావు ఇంటి ముందు కొట్టవలసినవాడు మాదిగే అని మరొకరు గుర్తుచేశారు. ఈ రెండవ మాటను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. వేదిక మీద డప్పు కొట్టిన విద్యార్థి ఇంటికి వెళ్లి దానిని గోడకు తగిలించవచ్చు. వెట్టి డప్పు కొట్టేవానికి ఆ స్వేచ్ఛ లేదు. దండోరా ఉద్యమం వాద్యాన్ని తిరిగి కులానికి అప్పగించలేదు; ఆ కులం పేరు ఎత్తకుండా దానిని వాడుకోరాదన్నది.

ప్రభుత్వం కూడా ఇదే డప్పును ఎన్నుకొన్నదన్న విషయం మరువరాదు. 1990లలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం కళాజాతల ద్వారానే పల్లెల్లోకి వెళ్లింది. ఒకే బాణీ, ఒకే దెబ్బ, కొన్నిచోట్ల ఒకే కళాకారుడు. సాహిత్యం మాత్రం మారింది. జానపద రూపం దేనినైనా మోయగలదని దీనిని బట్టి తేలుతుంది. రూపమే ప్రగతిశీలమని భావించిన విమర్శకులకు ఇది ఇబ్బంది కలిగించే సాక్ష్యం.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ప్రదర్శనలతో మూడవ దశ వచ్చింది. ప్రత్యేక రాష్ట్రోద్యమం సకల కులాల వాద్యాలను ఒకే వేదిక మీదికి పిలిచింది. వర్గం స్థానంలో ప్రాంతం వచ్చేసరికి క్రతుచిహ్నాలపై ఉన్న అభ్యంతరం సడలింది. బోనాలు, బతుకమ్మ, ఒగ్గుడోలు వరుసగా ఊరేగింపుల ముందుకు వచ్చాయి. పదుల సంఖ్యలో డోలు కళాకారులు ఒకే తీరు వేషంతో అడుగు కలిపి వాయించే 'ఒగ్గుడోలు విన్యాసం' స్థిరపడింది. ఇందులో కథ లేదు, పట్నం లేదు. డోలు చివరకు దేవుని నుండి వేరయింది, కాని పాటలో భాగం కావడానికి బదులు ప్రదర్శనగా మిగిలింది. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడి, ఉద్యమగాయకులలో అయిదు వందలకు పైగా కళాకారులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీవనోపాధి దృష్ట్యా ఇది స్వాగతించవలసిన పరిణామం. ప్రభుత్వ పథకాల ప్రచారం విధిగా ఉన్న గాయకుడు సర్కారు దవాఖాన పాట వంటి దానిని మళ్లీ కట్టగలడా అన్నది వేరే ప్రశ్న.

కొండప్రాంతపు వాద్యకారుల స్థితి ఈ మూడు దశల్లోనూ పెద్దగా మారలేదు. మార్లవాయికి చెందిన గుస్సాడి నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. ఆయన 2024 అక్టోబరులో మరణించారు. నాగర్‌కర్నూలు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో అదే పురస్కారం వచ్చింది. అంతకు ముందు సంవత్సరం ఒక చలనచిత్ర గీతం ఆరంభంలో ఆయన కిన్నెరను, గొంతును లక్షలమంది విన్నారు. కిన్నెర కూడా కిక్రి వంటి చిన్న గొంతు వాద్యమే. ధ్వనివర్ధక యంత్రం దాని మొదటి అడ్డంకిని తొలగించింది. కిక్రికి కూడా ఆ యంత్రం ఇప్పుడు అందుబాటులోనే ఉంది. రెండవ అడ్డంకి మాత్రం యంత్రంతో తొలగేది కాదు. సగ కథ అడిగే దాత కుటుంబాలు ఉన్నంతవరకే పర్ధాన్, తోటి పిల్లలు తండ్రి పక్కన కూర్చుంటారు. పెండ్లికి బ్యాండుమేళాన్ని పిలిచిన ఇంట పేప్రె ఊదేవానికి పిలుపు తగ్గుతుంది. కర్మకాండలో కథాగానాన్ని కుదించిన ఇంట కిక్రి మోగే గంటలు తగ్గుతాయి. గుడిరేవుకు వచ్చే దండారి బృందాలలో ఈనాటికీ డోలు, పేప్రె వినిపిస్తున్నాయి. కిక్రి కోసం మాత్రం జాతర జనంలో నుండి బయటకు వచ్చి, ఎవరో ఒక కుటుంబం తన వంశకథ చెప్పించుకొంటున్న చోటును వెదుక్కొని వెళ్లి, వాద్యకారునికి దగ్గరగా కూర్చోవలసి ఉంటుంది.